నాన్న జీపులో ఉన్నది ఏ గేర్ బాక్సు?

నాన్న జీపు కింద దూరి మొదటిసారి పైకి చూసినప్పుడు నాకు గేర్ బాక్సు కనపడలేదు. దుమ్మూ ఆయిలూ కలిసి బొగ్గులా గట్టిపడిన పెద్ద ముద్ద కనపడింది. 1991లో నాన్న ఆ బండిని గొడ్ల చావిట్లో పెట్టి టార్పాలిన్ కప్పాక ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేదు. వెనక సీటు మీద కోళ్ళు గుడ్లు పెట్టేవి. నాన్న పోయాక అన్నయ్య పాత ఇనుముకి వేసేద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పిల్లలకి ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను. మాకు అన్నం పెట్టిన బండిని కిలోల లెక్కన తూకం వేయించడానికి నాకు మనసు రాలేదు.

మాచర్ల నుంచి సాగర్ దాకా నాన్న ఆ జీపుతో సర్వీసు తిప్పేవాడు. ఆర్సీ పుస్తకంలో విల్లీస్, 1944 అని ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిన అమెరికా సైన్యం జీపులు మన దేశంలో డిస్పోజల్స్‌లో అమ్ముడయ్యాయి. అలాంటిది ఒకటి చేతులు మారి మారి 1968లో నాన్న దగ్గరికొచ్చింది. ఆ కాలం జీపుల్ని విల్లీస్ వాళ్ళూ ఫోర్డ్ వాళ్ళూ ఒకే నమూనాతో తయారు చేశారు. రేడియేటర్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ గుండ్రటి గొట్టంలా ఉంటే అది విల్లీస్. బోర్లించిన కాలువలా పలకలుగా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్ళయితే చాలా భాగాల మీద, బోల్టు తలల మీద కూడా, ఎఫ్ అనే అక్షరం వేసుకునేవాళ్ళు. మా బండికి గొట్టమే ఉంది. చాసిస్ వరకు అనుమానం లేదు.

చాసిస్ విల్లీస్ మిలిటరీది అయితే గేర్ బాక్సు టీ-84 అయి ఉండాలి. యుద్ధం జీపులన్నిటికీ వార్నర్ గేర్ కంపెనీ చేసిన ఆ బాక్సే వచ్చింది. యుద్ధం తర్వాత రైతుల కోసం, మామూలు జనం కోసం విల్లీస్ తెచ్చిన సీజే-2ఏ అనే జీపు నుంచి టీ-90 మొదలైంది. మన దేశంలో మహీంద్రా వాళ్ళు చేసిన పాత పెట్రోలు జీపుల్లోనూ మూడు గేర్ల టీ-90 ఉండేది. టీ-84, టీ-90 చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండూ పోత ఇనుమువే, రెండిటికీ ముందుకి మూడు గేర్లే, గేరు కర్రుమనకుండా పడేలా వేగాలు కలిపే సింక్రో ఫస్టు గేరుకి రెండిటికీ లేదు. లోపలి సామాను మాత్రం ఒకదానిది ఇంకొకదానికి కూర్చోదు. ఏ బాక్సో తేలకుండా బేరింగులు, ఇత్తడి సింక్రో రింగులు తెప్పిస్తే డబ్బు నీళ్ళలో పోసినట్టే. ఆర్సీ పుస్తకం నమ్మి నేను టీ-84 రింగులు రెండు ముందే తెప్పించాను. అవి ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

బాక్సు దించడానికి రెండు రోజులు పట్టింది. దించాక దాన్ని శుభ్రం చెయ్యడానికి ఇంకో రెండు రోజులు. పుట్టీ బ్లేడుతో పైపొర గీకేసి, డీజిలు పోసి నానబెట్టి, వైరు బ్రష్షుతో రుద్దాం. పోత అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి గానీ తుప్పు వల్ల అంచులు అరిగిపోతాయి. సుద్దముక్క పొడిచేసి ఆ పొడి వేలితో పులిమి, సెల్‌ఫోను టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి, ఇనుముకి ఆనించినట్టు పట్టుకోవాలి. అప్పుడు నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. ముందు తొమ్మిది, దాని పక్కన సున్నా, తర్వాత టీ కనపడ్డాయి. టీ-90.

నా పక్కన ఉన్న సెకండియర్ కుర్రాడు, "మేడం, అయితే ఇది నాన్నగారి బండి బాక్సు కాదా?" అని అడిగాడు. వాడికేం చెప్పాలో నాకు తోచలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆదివారం బెజవాడ బస్సెక్కాను. ఆటోనగర్‌లో జీపు బాక్సుల మీద యాభై ఏళ్ళు పనిచేసిన పెద్దాయన ఒకరున్నారు. కొడుకులిద్దరూ లారీల పనిలో పడ్డారు. ఆయన మాత్రం షెడ్డు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఫోన్లో ఫొటోలు చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశారు.

"ఇది టీ-90యే కదా బాబాయ్ గారూ?"

"డబ్బా టీ-90ది అమ్మా. డబ్బా అంటే చొక్కా. చొక్కా చూసి మనిషిని చెప్తావా? మూత తీసి పళ్ళు లెక్కపెట్టు. ముందు తిప్పి చూడు, తర్వాత పళ్ళు చూడు, అప్పుడు నా దగ్గరికి రా."

ఎలా తిప్పాలో కూడా ఆయనే చెప్పారు. నేను కళాశాలలో చదువుకున్నదే అది, పిల్లలకి ఏటా చెప్పే పాఠమే. కానీ మన బండి దగ్గరికొచ్చేసరికి పేరు తెలుసుకోవాలన్న ఆత్రం ముందు లెక్క గుర్తుకి రాదు.

బల్ల మీద బాక్సు పెట్టి, ఇన్‌పుట్ షాఫ్టుకి ఒక సుద్ద గీత, వెనక అవుట్‌పుట్ షాఫ్టుకి ఒక గీత పెట్టాం. ఫస్టు గేరు వేసి, ఒకడు ముందు తిప్పుతుంటే ఇంకొకడు వెనక చూస్తాడు. వెనక షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేదాకా తిప్పితే చాలదు, తేడా చేతికి అందదు. పది చుట్లు తిప్పాలి. మిలిటరీ మాన్యువల్ ప్రకారం టీ-84 ఫస్టు గేరు 2.665. అంటే వెనక పది చుట్లకి ముందు ఇరవై ఆరున్నర దాటి కొంచెం. టీ-90 ఫస్టు 2.798. ఇరవై ఎనిమిదికి గింజంత తక్కువ.

సెకండు గేరు తిప్పి బాక్సు ఏదో చెప్పాలని మాత్రం చూడకండి. టీ-84కి అది 1.564, టీ-90కి 1.551. పది చుట్లు తిప్పినా ముందు షాఫ్టులో ఎనిమిదో వంతు చుట్టు తేడా రావడం కష్టం, పాత పళ్ళ వదులులోనే అది కలిసిపోతుంది. మూడోది రెండిటికీ నేరుగా ఒకటికి ఒకటే. మనకి ఉపయోగపడేది రివర్సు. టీ-84కి 3.554, టీ-90కి 3.798. పది చుట్లకి రెండున్నర చుట్ల దాకా తేడా వస్తుంది. కళ్ళు మూసుకుని లెక్కపెట్టినా తెలిసిపోతుంది.

మాకు ఫస్టులో దాదాపు ఇరవై ఎనిమిది, రివర్సులో ముప్ఫై ఎనిమిది వచ్చాయి. టీ-84 కాదని అక్కడే తేలిపోయింది. అయినా పెద్దాయన చెప్పినట్టు మూత కూడా తీశాను. మూతతో పాటు గేరు రాడ్డు, ఫోర్కులు పైకి వచ్చేస్తాయి. ఆయిలు మాత్రం లోపల ఇంకా ఉంది, చిక్కటి బెల్లం పాకంలా. గుడ్డతో తుడిచి ఒక పన్నుకి సుద్ద రాసి లెక్క మొదలుపెట్టాం. ఇన్‌పుట్ గేరుకి 18 పళ్ళు. దాని కింద, నాలుగు చక్రాలు ఒకే ముక్కగా ఉండే క్లస్టర్‌కి పెద్ద చక్రం 33. కుర్రాళ్ళలో ఒకడికి 32 వచ్చింది, సుద్ద రాసిన పన్నుని లెక్కలో వదిలేశాడు. ముగ్గురికీ ఒకే అంకె వచ్చేదాకా లెక్కపెట్టించాను. క్లస్టర్ మిగతా చక్రాలు వరసగా 26, 19, 14. పైన జారే ఫస్టు గేరుకి 29.

బోర్డు మీద రాశాం. 33ని 18తో భాగించి, 29ని 19తో భాగించి, రెండూ గుణిస్తే 2.798. పుస్తకంలో అంకె, చేత్తో తిప్పిన అంకె, పళ్ళ అంకె మూడూ ఒక్కటే అయ్యాయి. ఇరవై రెండేళ్ళ నుంచీ గేర్ రేషియో పాఠం చెప్తున్నా, ఆ లెక్క వేస్తుంటే నా చెయ్యి వణకడం అదే మొదటిసారి.

వెనకాల తగిలించి ఉండే ట్రాన్స్‌ఫర్ బాక్సు, అంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ బలం పంచే బాక్సు సంగతి కూడా చూడాలి. నాన్న దాన్ని "స్పెషలు" అనేవాడు. యుద్ధం జీపుకీ తర్వాతి జీపులకీ స్పైసర్ 18 అనే ఒకే పేరు బాక్సు వచ్చింది, కాబట్టి పేరు అడిగితే ఏమీ తెలియదు. లోపల మధ్య గేరు తిరిగే షాఫ్టు లావు మాత్రం కాలంతో మారింది. యుద్ధం నాటిది ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు. తర్వాత అంగుళం మీద ఎనిమిదో వంతు చేశారు, 28.58. 1950ల మధ్యకి వచ్చేసరికి అంగుళంపావు, 31.75. కింది మూత విప్పి, వెనక లాకు ప్లేటు తీసి, ఇత్తడి రాడ్డు అడ్డం పెట్టి మెల్లగా కొడితే షాఫ్టు వెనక్కి వస్తుంది. దాని మీద తిరిగే సూది రోలర్లు రాలి పడతాయి, కింద గుడ్డ పరచడం మర్చిపోవద్దు. వెర్నియర్ పెట్టి లావు కొలిచాను. అరగని చోట 31.75. లో గేరులో తిప్పితే పది చుట్లకి ఇరవై నాలుగున్నర పైన వచ్చింది, అంటే 2.46. యుద్ధం జీపుకైతే 1.97 మాత్రమే రావాలి.

అంటే ఎప్పుడో ఎవరో రెండు బాక్సులూ కలిపి, ఒక తర్వాతి కాలపు జీపువి తెచ్చి దీనికి బిగించారు. ఇరుసుల మాటేమిటని అది కూడా చూశాను. వెనక ఒక చక్రం నేల మీదే ఉంచి, రెండోదాన్ని జాకీ మీద లేపి రెండు చుట్లు తిప్పితే, బాక్సు నుంచి ఇరుసుకి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఐదుకి కాస్త తక్కువ తిరిగింది. యుద్ధం జీపు ఇరుసు లోపలి గేరు జత, అంటే క్రౌను పీనియను, 39కి 8 పళ్ళు, అంటే 4.88. సీజేలకి 43కి 8, ఐదు దాటి మూడో వంతు పైన తిరగాలి. ఇరుసు పాతదే. చాసిస్, ఇరుసులు 1944వి, మధ్యలో బాక్సులు తర్వాతవి.

అప్పుడు నేను ఒక తప్పు చేశాను. బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చెయ్యాలన్న పట్టుదల నాకొచ్చింది. "మిలిటరీ బాక్సు, 1943, గ్యారంటీ" అని ఫోన్లో ఒకాయన చెప్తే ఇరవై రెండు వేలు పంపించాను. లారీలో వచ్చింది. ఆకుపచ్చ పెయింటు, తెల్ల నక్షత్రం, అచ్చుతో కొట్టిన అంకెలు. పెయింటు గీకితే అక్షరాలు ఉండాల్సిన చోట గ్రైండర్ చారలున్నాయి. పోత అక్షరాల్ని అరగదీసి పైన రంగు వేశారు. ఫస్టు గేరులో తిప్పించాను. పది చుట్లకి ఇరవై ఆరున్నర రాలేదు, ఇరవై ఎనిమిదీ రాలేదు. ముప్ఫై మూడు దాటిపోయింది.

పిల్లలు తప్పు లెక్కపెట్టారనుకుని నేనే తిప్పాను. మళ్ళీ ముప్ఫై మూడున్నరకి దగ్గరే. మూత తీస్తే క్లస్టర్ చిన్న చక్రాలు మా బాక్సులో లాగే 26, 19, 14. పెద్ద చక్రానికి మాత్రం 35, ఇన్‌పుట్ గేరుకి 16. లెక్క వేస్తే 3.339. అది టీ-90సీ. ఫస్టు గేరు బాగా దిగువకి ఉండే రకం. మా బాక్సు టీ-90ఏ. పెద్దాయన చెప్పిన చొక్కా మాట ఆ రోజు పూర్తిగా అర్థమైంది. ఒకే రకం డబ్బాలో రెండు రకాల పళ్ళు ఉండొచ్చు, మూత తియ్యకుండా ఎవరూ చెప్పలేరు. అమ్మినాయన ఫోను ఎత్తడం మానేశాడు. చాలా బాధపడ్డాను. డబ్బు పోయిందన్న బాధ కన్నా, పాతకాలం పోత మీద అక్షరాన్ని గ్రైండర్ పెట్టి లేపేశారన్న బాధ ఎక్కువ. ఆ అక్షరం మళ్ళీ రాదు. ఆ బాక్సు ఇప్పుడు మా వర్క్‌షాపు బల్ల మీద పాఠానికి ఉంది.

నాలుగు నెలలకి నిజం టీ-84 కూడా దొరికింది. ఈసారి డబ్బు పంపే ముందు వీడియో కాల్ పెట్టించాను. షాఫ్టుల మీద గీతలు గీయించి, రివర్సులో వేయించి, పది చుట్లు తిప్పించి బిగ్గరగా లెక్కపెట్టమన్నాను. ముప్ఫై ఐదున్నర. అరవై వేలు అన్నారు. రెండు రోజులు టైం అడిగాను.

ఆ రెండు రోజుల్లోనే అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి నాన్న జమాఖర్చుల పుస్తకాలు తీసింది. నేను అడగలేదు. బండి గురించి ఇంట్లో రోజూ మాట్లాడుతుంటే తనకే గుర్తొచ్చిందట. పొడుగు పుస్తకాలు, ఎర్ర అట్టలు, చెదలు కొంచెం తిన్నాయి. పెట్రోలు, టైర్లు, పంచాయతీ పన్ను, మా స్కూలు ఫీజులు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. 1972 ఫిబ్రవరి పేజీలో నాన్న చేతిరాత:

"బెజవాడ. గేరు బాక్సు, స్పెషలు రెండూ సెట్టు. 1,150. బిగింపు కూలి 40. భోజనం 3."

కింద ఇంకో ముక్క ఉంది: "ఎత్తులో ఇప్పుడు ఆగడం లేదు."

అమ్మ అప్పుడు చెప్పింది. పాత బాక్సు బరువు మీద ఎత్తు ఎక్కేటప్పుడు గేరు జారిపోయేదట. ఒకసారి నిండా పద్నాలుగు మందితో వెనక్కి జారితే క్లీనరు దూకి చక్రం కింద రాయి పెట్టాడట. ఆ తర్వాతే నాన్న తన గొలుసు అమ్మి ఈ సెట్టు తెచ్చాడు. నాకు గుర్తున్న శబ్దం ఈ బాక్సుదే. ఎత్తు మొదట్లో నాన్న క్లచ్చి ఒకసారి తొక్కి వదిలి, యాక్సిలరేటర్ కొంచెం రేపి, మళ్ళీ తొక్కి ఫస్టు వేసేవాడు. సింక్రో లేని గేరు కదా, అలా వేస్తేనే కర్రుమనదు. నేను ముందు సీట్లో ఆయన మోకాలి పక్కన కూర్చుని ఆ రెండు తొక్కుళ్ళూ లెక్కపెట్టేదాన్ని. 2.665కీ 2.798కీ నూటికి ఐదు వంతులే తేడా. 1.97కీ 2.46కీ మాత్రం నాలుగో వంతు తేడా. ఆ తర్వాత పద్నాలుగు మందినీ ఎత్తు ఎక్కించింది ఆ తేడాయే.

టీ-84 ఉన్నవాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పాను. పూర్తిగా యుద్ధం నాటి రూపంలో బండి కట్టుకుంటున్నవాళ్ళు ఇంకొకరు దాన్ని తీసుకున్నారు. అది సరైన చోటికే చేరింది. ప్రదర్శనకి పెట్టే బండిలో 1944 బాక్సే ఉండాలి, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ మా బండి యుద్ధంలో గడిపింది ఏడాదో రెండేళ్ళో. సాగర్ దారిలో గడిపింది ఇరవై మూడేళ్ళు. అందులో పంతొమ్మిదేళ్ళు ఈ బాక్సుతోనే.

ఇప్పుడు లోపల బేరింగులు కొత్తవి, టీ-90 రింగులు కొత్తవి, పళ్ళు పాతవే. 14 పళ్ళ చక్రంలో ఒక పన్ను అంచు చితికి ఉంది. రాయితో సాపు చేసి అలాగే ఉంచాను. నిన్న పిల్లల చేత ఒక అల్యూమినియం రేకు కోయించి, నంబరు పంచీలతో కొట్టించాను. చాసిస్ 1944. క్రౌను 39-8. టీ-90ఏ. 18-33-26-19-14. షాఫ్టు 31.75. తర్వాత ఎప్పుడైనా ఎవరైనా ఈ మూత తియ్యాల్సి వస్తే, తియ్యకముందే వాళ్ళకి తెలియాలి.

ఆఖరి వరసలో 1972 అని కొట్టమంటే, "బాక్సు తయారైన సంవత్సరమా మేడం?" అని అడిగాడు ఆ సెకండియర్ కుర్రాడే. కాదు, నాన్న బిగించిన సంవత్సరం అన్నాను. వాడు పంచీ నిటారుగా పట్టుకుని, ఒక్కో అంకెకి ఒక్కటే దెబ్బ వేశాడు. రేపు రివిట్లు కొట్టాలి.